కళ్ళు తెరవని కూర్పు

నవంబరు నెల రెండో మంగళవారం, సాయంత్రం నాలుగుంబావు. పొయ్యి మీద టీ నీళ్ళు పెట్టి, అవి మరిగేలోగా వచ్చిన మెయిళ్ళు చూద్దామని కంప్యూటరు ముందు కూర్చున్నాను. అన్నిటికన్నా పైన ఉంది ఆ కబురు. నేను తెలుగు చేసే సాఫ్ట్‌వేరుకు కొత్త కూర్పు, అంటే కొత్త వెర్షను, విడుదలైందట. దాని కింద ఇంకో వాక్యం: ఇది తుది కూర్పు కాదు, ఇంకా తయారవుతున్నది, వేసి చూసి తప్పులు చెప్పేవాళ్ళ కోసం మాత్రమే విడుదల చేస్తున్నాం.

నాకు మొదటి అనుమానం అక్కడే వచ్చింది. పూర్తికానిదాన్ని విడుదల చేయడమేమిటి? నంద్యాల ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పాను. సగం చేసిన లెక్క తెచ్చి చూపించే పిల్లను తిరిగి బెంచీ మీదకు పంపేదాన్ని. సగం లెక్కలో తప్పు వెతకడం నా పని కాదు అనేదాన్ని. వీళ్ళేమో లోకం మొత్తాన్నీ పిలిచి, మా సగం లెక్క చూసి తప్పులు పట్టండి అంటున్నారు.

తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. వెబ్‌సైట్లు నడపడానికి పనికొచ్చే సాఫ్ట్‌వేరు ఇది. దీంతో పేజీలు రాసుకోవచ్చు, ఫోటోలు పెట్టుకోవచ్చు, ఏ పేజీ జనానికి కనపడాలో ఏది కనపడకూడదో మనమే నిర్ణయించుకోవచ్చు. దీనికి యజమాని అంటూ ఎవరూ లేరు. లోపలి రాత అంతా అందరికీ తెరిచి ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు, దిద్దొచ్చు, ఊరికే వాడుకోవచ్చు. ఎక్కడెక్కడివాళ్ళో తీరిక దొరికినప్పుడు కూర్చుని దీన్ని బాగుచేస్తుంటారు. మొదట ఈ మాట విన్నప్పుడు నేను నమ్మలేదు. ఊరికే ఎవరు చేస్తారు, దీని వెనక ఏదో ఉండాలి అనుకున్నాను. ఆ ఏదో ఏమిటో లోపలికి వెళ్ళి చూద్దామని, దాంట్లోని మాటలను తెలుగు చేసేవాళ్ళలో చేరాను. ఆరేళ్ళయింది. ఆ మంగళవారం వరకూ ఏమీ దొరకలేదు. వెతకడం మాత్రం మానలేదు.

నేను దాన్ని వాడేది ఒకే ఒక్క సైటు కోసం. ఆళ్ళగడ్డలో విగ్రహాలు చెక్కే శిల్పి ఒకాయన ఉన్నాడు, అందరూ ఆచారి అంటారు. మా వీధి గుడిలోని వినాయకుణ్ణి చెక్కింది వాళ్ళ నాయన. ఆ పెద్దాయన కొలతలన్నీ కంటితోనే చూసేవాడు, ఎక్కడా రాసి పెట్టలేదు. ఆయన పోయాక కొడుక్కి బెంగ పట్టుకుంది. పాణ్యం వైపూ కోయిలకుంట్ల వైపూ ఊరూరా నాయన చేతి విగ్రహాలున్నాయి, అవి ఎంత ఎత్తో, ముఖం ఎంతో, పీఠం ఎంతో ఎవరికీ తెలియదు. నేను రిటైరయి ఖాళీగా ఉన్నాను, నా దగ్గర టేపు ఉంది. పూజారులను బతిమాలి, అభిషేకానికి ముందు అలంకారం తీసిన కాస్త సమయంలో, ఇద్దరం కలిసి కొలిచేవాళ్ళం. ఒక్కో విగ్రహానికి ఒక్కో పేజీ. ఎత్తు, వెడల్పు, రాయి రంగు, ఊరు, ప్రతిష్ఠ జరిగిన నెల, ఒక ఫోటో. అక్కడికక్కడే ఫోనులోంచి ఎక్కించేవాళ్ళం, కాగితం మీద రాసుకునేవాళ్ళం కాదు. అదీ ఆ సైటు.

తర్వాత దానికి ఒక లోపలి గది కూడా చేర్చాం. చెక్కుతున్న విగ్రహాల ఫోటోలు అందులో ఉండేవి. విగ్రహం చేయించుకునే ఊరి పెద్ద మాటిమాటికీ ఆళ్ళగడ్డ రాకుండా, తన ఫోనులో తాళం మాట కొట్టి, పని ఎంతవరకు వచ్చిందో చూసుకునేవాడు. ఆయన తప్ప ఇంకెవరూ చూడటానికి వీల్లేదు. ఇది మేము పెట్టిన నియమం కాదు, వాళ్ళ పనిలో ఉన్నదే. ప్రతిష్ఠ రోజు తెల్లవారుజామున, తెర వెనక, శిల్పి చివరిగా విగ్రహానికి కళ్ళు చెక్కుతాడు, కళ్ళు తెరవడం అంటే అదే. ఆ తర్వాతే ఊరు అమ్మవారి ముఖం చూస్తుంది. అంతవరకూ ముఖం మీద గుడ్డ ఉంటుంది.

ఆ మంగళవారం నాటికి లోపలి గదిలో ఉన్నది ఒకే ఒక్క విగ్రహం. గోస్పాడు మండలంలోని ఒక ఊరి అమ్మవారు. గుడి కొత్తగా కట్టారు. ప్రతిష్ఠ మార్గశిరంలో. శిల్పి ఏడాది పొడుగునా పెట్టుకున్న పెద్ద పని అదే. ఆయన నాయన పోయాక ఇంకొకరి సాయం లేకుండా మొదటినుంచి చివరిదాకా తానే చెక్కిన అమ్మవారు కూడా అదే. ఆ ఊరు మెచ్చుకుంటే చుట్టుపక్కల ఊళ్ళు నాయన పేరు వదిలి తన పేరు చెప్పుకుంటాయని ఆయన ఆశ. పైకి అనేవాడు కాదు. అయినా ఆ ముఖం ఫోటోలు వారానికి రెండు పెట్టేవాడు, అంతకుముందటి పనుల ఫోటోలు నెలకొకటి కూడా పెట్టేవాడు కాదు.

టీ నీళ్ళు పొంగాయి. దించి, సైటును చూసుకునే అతనికి ఫోను చేశాను. నంద్యాలలో సంజీవనగర్ వైపు అతనికి చిన్న దుకాణం ఉంది. పెండ్లి కార్డులు అచ్చువేస్తాడు, బోర్డులు రాస్తాడు, వెబ్‌సైట్లు పెడతాడు. పనిమంతుడు, మాటకారి. మాటకారులంటే నాకు కొంచెం అనుమానం.

"ఏమప్పా, కొత్త కూర్పు వచ్చింది. పూర్తయింది కాదు. మన సైటులో వేయొద్దు."

"నాకేం పనమ్మా దాన్ని ముట్టుకోనీకి? ఈడ పెండ్లి కార్డులకే టైం లేక సస్తాండా."

"ముట్టుకోను అని చెప్పు."

"ముట్టుకోనమ్మా. స్టాంపు కాగితం మీద రాసియ్యాల్నా?"

అంత త్వరగా ఒప్పుకోవడం కూడా నాకు నచ్చలేదు.

బుధవారమంతా ఆ కూర్పులోని కొత్త వాక్యాలను తెలుగు చేశాను. మొత్తం నలభై ఒకటి. వాటిలో ఒకటి, తెర పైభాగాన పసుపు పట్టీ మీద వచ్చే హెచ్చరిక. "కొత్త కూర్పు సిద్ధంగా ఉంది. ఇది ఇంకా పూర్తికాలేదు. పరీక్షించి చూసేవారి కోసం మాత్రమే." మూలంలో ఎంత ఉందో అంతే రాశాను, ఒక్క మాట పెంచలేదు, తగ్గించలేదు. సాయంత్రానికి పంపేశాను. వాళ్ళు రాత్రికే చేర్చేశారు. ఊరికే పనిచేసేవాళ్ళకు అంత తొందర ఎందుకో.

గురువారం మధ్యాహ్నం పన్నెండుకు పది నిమిషాల ముందు సైటు తెరిచాను. అక్షరాలు సన్నబడి ఉన్నాయి. ఎడమ పక్కన ఉండాల్సిన ఊళ్ళ వరుస కుడి పక్కకు పోయింది. ఒక విగ్రహం పేజీ తెరిస్తే ఫోటో ఉంది, కొలతలు లేవు. ఇంకొకటి తెరిచాను. అందులోనూ లేవు. ఎత్తు అని ఉండాల్సినచోట తెల్లగా ఉంది. పీఠం అని ఉండాల్సినచోట తెల్లగా ఉంది. వెంటనే ఫోను తీసుకున్నాను. అది నేను నొక్కకముందే మోగింది. శిల్పి భార్య.

"టీచరమ్మా, మా అమ్మవారు సెల్లుల్లోకి యాడ నుంచి వచ్చె?"

"ఏ అమ్మవారు?"

"ఎవరేందీ, గోస్పాడు తట్టు అమ్మవారు! ఆ ఊరోళ్ళు పొద్దున్నుంచి ఫోన్లు చేస్తాండారు. ఈయనేమో ఉలి పారేసి మూల కూసున్నాడు. అన్నం గూడా తినలే."

సైటు మొదటి పేజీకి వెళ్ళి చూశాను. లోపలి గది తలుపు బార్లా తెరిచి ఉంది. తాళం మాట అడగడం లేదు. అమ్మవారి ఫోటోలు వరుసగా, కొత్తవి ముందు, పాతవి వెనక. మొదటి ఫోటోలో ముఖం నిండుగా ఉంది. ముక్కు, పెదవులు, చెంపలు, కిరీటం అంచు. కళ్ళున్నచోట నున్నటి రాయి.

చెప్పులు వేసుకుని ఎండలో దుకాణానికి నడిచాను. అతను కంప్యూటరు ముందే ఉన్నాడు. ముఖంలో రక్తం లేదు.

"ఎవరు వేశారు?"

"నేను కాదమ్మా. అల్లా మీద ఒట్టు."

"సైటును మార్చే తాళం ఎవరెవరి దగ్గరుంది?"

"నీ దగ్గర, నా దగ్గర, ఆచారి దగ్గర. మూడే."

"నేను వేయలేదు."

"నేనూ వెయ్యలేదంటాండా గదా!"

"ఆచారికి ఫోటో పెట్టడమే అంతంతమాత్రం వచ్చు. ఇక మిగిలింది ఎవరు?"

అతను లేచి నిలబడ్డాడు. "అయితే నేనే దొంగనా? తీసివేత లెక్క చేసి చెప్తాండావా?"

"చేశాను. నువ్వే మిగిలావు."

దుకాణంలో పెండ్లి కార్డుకోసం వచ్చిన ఒకాయన ఇద్దరి ముఖాలూ చూసి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు. నాకు అతని మీద అనుమానం రావడానికి తగినంత కారణం ఉంది. ఆ ఏడాదే అతను ఆళ్ళగడ్డలో ఇంకో శిల్పశాలకు సైటు పెట్టిచ్చాడు. ఆ సంగతి నాకు తనంతట తాను చెప్పలేదు, నేను కనుక్కున్నాను. ఒకరి పనిని బజారులో పెడితే ఇంకొకరికి లాభం. నేను అది పైకి కూడా అన్నాను.

"అమ్మా," అన్నాడు అతను, ఈసారి నెమ్మదిగా, "కోపం తర్వాత పడుదువు. ముందు తలుపు మూయనీ."

సైటును పూర్తిగా ఆపేశాడు. తర్వాత, ముందే తీసి దాచిన పాత నకలు, అంటే బ్యాకప్పు, వెనక్కి పెట్టాలన్నాడు. ఆ నకలు ఎప్పటిదని అడిగాను. నీళ్ళు నమిలాడు. దసరాకు ముందుదట. నెలనెలా తీసి దాస్తానని మాట ఇచ్చినవాడు. దసరా తర్వాత మేము కొలిచిన విగ్రహాల పేజీలు ఆ నకలులో లేవు. ఉన్న సైటులోనేమో కొలతల గళ్ళన్నీ తెల్లబడ్డాయి. కొలతలు దాచే ఒక చిన్న తోడు సాఫ్ట్‌వేరు ఉండేది, అది ఈ కొత్త కూర్పుకు ఇంకా సరిపడేలా తయారు కాలేదట. తాళం వేసి ఉంచే పని కూడా దానిదేనట. కొత్తది దాన్ని తీసి పారేసింది, దాంతోపాటు అది దాచిన కొలతలూ తాళమూ పోయాయి. ఇవన్నీ అతను నాకు చెప్పినవి. నేను తర్వాత విడిగా సరిచూసుకున్నాను. నిజమే.

ఇంకొకటి కూడా ఒప్పుకున్నాడు, అదీ నేను గుచ్చి గుచ్చి అడిగితే. పరీక్షకని తన కంప్యూటరులో నాకోసం పెట్టిన ప్రయోగం సైటు ఒకటి ఉంది. తయారవుతున్న కూర్పులు వస్తే అది కబురు చెబుతుంది. మొన్న వేసవిలో అసలు సైటును కొత్త చోటికి మార్చేటప్పుడు, పని తేలికవుతుందని, ఆ ప్రయోగం సైటు అమరికలనే తెచ్చి దీనికి పెట్టాడు. అందుకే పసుపు పట్టీ అసలు సైటులో కూడా వచ్చింది.

"పట్టీ వచ్చేట్టు చేసింది నేనేనమ్మా. నొక్కింది మాత్రం నేను కాదు," అన్నాడు.

సగం నిజం చెప్పేవాణ్ణి నమ్మడం పూర్తి అబద్ధం చెప్పేవాణ్ణి నమ్మడంకంటే కష్టం. ఆ రాత్రి మూడుసార్లు లెక్కవేసుకున్నాను. మూడుసార్లూ అతనే వచ్చాడు.

శుక్రవారం పొద్దున ఏడున్నర బస్సుకు ఆళ్ళగడ్డ బయలుదేరాను. బస్టాండులో అతను ముందే వచ్చి నిలబడి ఉన్నాడు, చంకలో లాప్‌టాప్ సంచి.

"నువ్వెందుకు?"

"నా మీద ఇంత పెట్టుకొని నువ్వొక్కదానివే పోతే, ఆడ ఇంగెంత చెప్తావో! నేనూ వింటా."

నాకు ఆధారు కార్డు చూసి సున్నా టికెట్టు ఇచ్చాడు కండక్టరు. అతను డబ్బిచ్చి కొనుక్కుని నా వెనక సీట్లో కూర్చున్నాడు. "ఆడోళ్ళకు అనుమానం గూడా ఫ్రీనే పెట్టినట్లుండారు," అని కండక్టరుతో అన్నాడు. నాకు వినపడాలనే అన్నాడు. నేను కిటికీలోంచి శనగ చేలు చూస్తూ కూర్చున్నాను. శిరివెళ్ళ దాటాక వెనకనుంచి ఒక అరటిపండు ముందుకు వచ్చింది. తీసుకున్నాను. తిన్నంతమాత్రాన నా లెక్క మారలేదు.

శిల్పి ఇల్లు, పనిచేసే చోటు ఒకే ఆవరణ. ముందు రేకుల పందిరి, దాని కింద మెషిన్లు, రాళ్ళు. ఎప్పుడు వెళ్ళినా చెవులు పగిలే చప్పుడు ఉండేది. ఆ రోజు లేదు. పందిరి మధ్యలో అమ్మవారు నిలబడి ఉంది, ముఖం మీద పసుపు గుడ్డ. శిల్పి దాని పక్కనే ఒక రాతి దిమ్మ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"రా టీచరమ్మా."

"నాయనా, నువ్వేం భయపడొద్దు. చేసిందెవరో నాకు తెలుసు," అని వెనక్కి తిరిగి అతన్ని చూశాను.

"ఆయప్ప కాదమ్మా," అన్నాడు శిల్పి. "నేనే నొక్కినా."

దుకాణం అతను సంచి నేల మీద పెట్టి, చేతులు కట్టుకుని, నా ముఖమే చూస్తూ నిలబడ్డాడు.

"నిన్న పొద్దున ఫోటో పెడదామని తెరిస్తిని. పైన పసుపు పట్టీ. అంతా తెలుగులో ఉండె. మీరు రాసిందే అని తెలిసిపాయ. ఇది ఇంకా పూర్తి కాలేదు, పరీక్షించి చూసేటోళ్ళకు అని. సరే, మన టీచరమ్మ రాసింది ఎట్లుందో చూద్దామని నొక్కినా."

"పూర్తి కాలేదని చదివే నొక్కావా?"

"చదివే నొక్కినా."

"పూర్తికానిది అంటే భయం వేయలేదా?"

ఆయన నన్ను విచిత్రంగా చూశాడు. నేను ఏదో అర్థంలేని మాట అన్నట్టు.

"పూర్తికానిదానికి భయమెందుకమ్మా? పూర్తయినదానికి గదా భయపడాల్సింది."

అప్పుడు ఆ పందిరి చుట్టూ చూశాను. ఆరేళ్ళుగా వెళ్తున్నాను, చూస్తూనే ఉన్నాను. చెక్కడం సగమైన ఆంజనేయుడి మోకాలి మీద టీ గ్లాసు. వెల్లకిలా పడుకోబెట్టిన నంది మీద ఎవరిదో తడి చొక్కా. కళ్ళు తెరవనంతవరకూ అక్కడ ఏ విగ్రహానికీ మడి లేదు, ముట్టు లేదు. కాలు తగిలినా దండం పెట్టుకోరు. నీళ్ళు పోసి చీపురుతో రుద్దుతారు. కళ్ళు తెరిచాక మాత్రం, చెక్కిన శిల్పి కూడా ఎదురుగా నిలబడడు, పక్కకు తప్పుకుంటాడు. పూర్తికాని వస్తువు మంచి చేయదు, చెడూ చేయదు అన్నది వాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు, పుట్టినప్పటినుంచీ ఆ దుమ్ములోనే ఉన్నారు. నా హెచ్చరికను ఆయన సరిగ్గానే చదివాడు. ఏమీ కాదనే అందులో ఉందనుకున్నాడు.

నేను తిరిగి చూస్తే దుకాణం అతను ఇంకా అట్లాగే నిలబడి ఉన్నాడు.

"తీసివేత ఇంగోసారి చేస్తావామ్మా?" అన్నాడు.

"నువ్వు నకలు తీయలేదు. అది తీసివేతలో పోదు," అన్నాను.

"అది ఒప్పుకుంటా."

పదిన్నరకు ఆ ఊరి పెద్ద వచ్చాడు, ఇంకో ఇద్దరితో, ఒక జీపులో. చెప్పులు పందిరి బయట విడిచి లోపలికి వచ్చారు. అంతకుముందు వాళ్ళు అక్కడ చెప్పులు విడవడం నేను చూడలేదు. అప్పుడే నాకు అర్థమైంది ఇది తేలిగ్గా పోదని.

శిల్పి భార్య నీళ్ళిచ్చింది. పెద్దాయన తాగి, మూతి తుడుచుకుని అన్నాడు: "ఆచారీ, నీ మీద కోపంతో రాలే మేము."

"తెలుసన్నా."

"పని బాగుంది. బాగలేదంటే మా కండ్లు పోతాయి. కానీ ఊరు వద్దంటాంది."

శిల్పి గొంతు సవరించుకున్నాడు. ఆయన బతిమాలడం నేను ఎప్పుడూ చూడలేదు. "అన్నా, కండ్లు తెరవనిది రాయే గదా. ఫోటో చూస్తే రాయిని చూసినట్లే. పోయిన నెల నువ్వు ఈడికొచ్చినప్పుడు అమ్మవారి భుజం మీద తువ్వాలేసి కూసోలేదా? నేనేమన్నా అంటినా?"

"వేసినా. లేదనను. అప్పుడు నా లెక్కలో గూడా అది రాయే." పెద్దాయన నేలను చూస్తూ మాట్లాడాడు. "నిన్న పొద్దున మా పిల్లోళ్ళెవరో సెల్లులో చూసి ఊరి గ్రూపులో పెట్టినారు, అమ్మవారు వచ్చింది అని. అది ఫోటో అని, చెక్కేటప్పటిది అని ఎవరికి తెలుసు? మా ఇంట్లో మా అమ్మ సెల్లు కండ్లకద్దుకునింది. పసుపు కుంకుమ తెచ్చింది. దండం పెట్టి తల ఎత్తి మళ్ళా చూస్తే, ఏముంది? కండ్లు లేవు. ఒక్క మా ఇంట్లోనే కాదు, ప్రతి ఇంట్లో ఇదే. దండం పెట్టినాక అది రాయి ఎట్లయితుంది ఆచారీ?"

దుకాణం అతను కల్పించుకున్నాడు. "పెద్దాయనా, సైటు మూసేసినాము. గ్రూపులో ఫోటో గూడా తీసేయమని మీరు చెప్తే..."

"గ్రూపులోది తీస్తావు. మా అమ్మ చూసింది తీస్తావా?"

నేను మాట్లాడాలనుకున్నాను. సాఫ్ట్‌వేరు సంగతి, తోడు సాఫ్ట్‌వేరు సంగతి, ఆచారి తప్పు లేదన్న సంగతి. నోరు తెరిచి మూసుకున్నాను. వాళ్ళకు తప్పు ఎవరిదన్నది కాదు ముఖ్యం.

శిల్పి లేచి అమ్మవారి ముఖం మీది గుడ్డ సర్దాడు. అది సరిగానే ఉంది, అయినా సర్దాడు. "ఇంగోటి చెక్కుతా," అన్నాడు. "రాయి రావాల. మార్గశిరానికి కాదు."

"ఎప్పటికైతే అప్పటికే. ప్రతిష్ఠ వెనక్కి వేసుకుంటాము. నీ చేతిదే కావాల, వేరేవాళ్ళ దగ్గరికి పోము," అన్నాడు పెద్దాయన. అది మంచిమాటే. అందరూ ఊపిరి వదిలారు.

అప్పుడు ఆయనతో వచ్చిన ఇద్దరిలో ఒకతను, అంతవరకూ నోరు మెదపనివాడు, అన్నాడు: "ఎట్లా కొత్తది చేస్తాండావు గదా ఆచారీ, ఒక నాలుగంగుళాలు పెంచకూడదా? పక్క ఊరిది మాదానికంటే ఎత్తుంది."

పెద్దాయన అతని వైపు గబుక్కున చూశాడు. అతను మాట మార్చాడు. ఆ నాలుగంగుళాల మాటను ఆ పందిరి కింద పెద్దాయనా నేనూ తప్ప ఎవరూ పట్టించుకోలేదు. ఆ మాట అప్పుడే పుట్టిందా, జీపులో వస్తూ అనుకున్నదా? తల్లి దండం పెట్టిందన్నది నిజమే అనుకుంటాను, ఆయన గొంతు అబద్ధం చెప్పే గొంతు కాదు. కానీ నాలుగంగుళాలు కూడా నిజమే. ఏది ముందో నాకు ఈ రోజుకీ తేలలేదు.

వాళ్ళు వెళ్ళాక శిల్పి భార్య మాకు అన్నం పెట్టింది. జొన్నరొట్టె, శనక్కాయ పొడి, పెరుగన్నం. భర్తను కూడా గదమాయించి కూర్చోబెట్టింది.

"పూర్తికానిది, పూర్తికానిది అని పెద్ద చదువు చెప్పినావు టీచరమ్మకు. ఇంగ తిను. తినకపోతే నువ్వు గూడా పూర్తికానోడివే."

ఆయన నవ్వలేదు గానీ తిన్నాడు. దుకాణం అతను నవ్వి, పొడి ఘాటుకు పొలమారాడు. తిరుగు బస్సులో అతను వెనక సీటుకు పోకుండా నా పక్కనే కూర్చున్నాడు. క్షమించమని నేను అడగలేదు. అతను ఎదురుచూస్తున్నట్టు కూడా కనపడలేదు. అనుమానించదగ్గ చోట అనుమానించాను. ఇప్పుడు నెలనెలా మొదటి తేదీన నకలు తీసి, ఒకటి నాకు పెన్‌డ్రైవులో తెచ్చిస్తాడు. నేను తెరిచి చూసుకుంటాను, అతను ఎదురుగా ఉండగానే.

శనివారం నాడు ఆ సాఫ్ట్‌వేరు చేసేవాళ్ళకు జరిగింది రాసి పంపాను. ఒక రోజులో జవాబు వచ్చింది. తప్పు వాళ్ళకు అర్థమైందట, దిద్దుతున్నారట, చెప్పినందుకు కృతజ్ఞతలట. తయారవుతున్న కూర్పును నడుస్తున్న సైటులో వేయకూడదని మర్యాదగా గుర్తుచేశారు కూడా. మర్యాద మీద నాకేమీ ఫిర్యాదు లేదు. తుది కూర్పు వచ్చేనాటికి ఆ తప్పు లేదు. అంటే మా అమ్మవారు వాళ్ళ లెక్క సరిచేయడానికి పనికొచ్చింది. ఊరికే పనిచేసేవాళ్ళ వెనక ఏముందని ఆరేళ్ళు వెతికాను కదా. మాలాంటివాళ్ళ నష్టాలు ఉన్నాయి.

ఆ పసుపు పట్టీ మీది తెలుగును మాత్రం మార్చాను. మూలంలో లేని వాక్యం ఒకటి చేర్చాను: "నడుస్తున్న సైటులో వేస్తే ఉన్నది పోతుంది." మిగతా భాషలవాళ్ళెవరూ అట్లా చేర్చలేదని, మూలానికి కట్టుబడమని ఒకరు రాశారు. మా దగ్గర దీని అవసరం ఉందని జవాబిచ్చాను. ఎందుకు అని అడిగారు. పందిరి, టీ గ్లాసు, ఆంజనేయుడి మోకాలు, ఇవన్నీ ఇంగ్లీషులో రాయబోయి మానుకున్నాను. వాక్యం ఇంకా ఉంది. ఎవరైనా తీసేస్తారేమోనని వారానికోసారి చూస్తుంటాను.

కొత్త అమ్మవారు వైశాఖంలో ప్రతిష్ఠ అయింది. నాలుగంగుళాలు పెరిగింది. ఊరు మెచ్చుకుంది. నేను వెళ్ళాను. తెర తీశాక అందరితోపాటు దండం పెట్టుకున్నాను, ముందు కళ్ళున్నాయో లేదో చూసుకుని. బాగుంది. అయినా నాకు మొదటి ముఖమే గుర్తొచ్చింది. ఆయనకూ అంతే అనుకుంటాను. వచ్చేటప్పుడు, "ఇది చేయి పని టీచరమ్మా, అది మనసు పని," అని ఒక్క మాట అని ఊరుకున్నాడు. ఆ తర్వాత చెక్కుతున్న విగ్రహం ఫోటో ఒక్కటి కూడా సైటులో పెట్టలేదు. లోపలి గది ఖాళీగా ఉంది. పెట్టమని నేను అడగలేదు.

పోయినవి ఇవి.

దసరా తర్వాత కొలిచిన విగ్రహాల పేజీలు పద్నాలుగు. వాటిలో తొమ్మిది మళ్ళీ వెళ్ళి కొలుచుకొచ్చాం. మూడింటికి ఈలోగా వెండి తొడుగు వేశారు, ఇక టేపు పట్టదు. రెండు గుళ్ళలో పూజారులు మారారు, కొత్తవాళ్ళు ఒప్పుకోలేదు. కాబట్టి పోయినవి అయిదు.

ఆ పద్నాలుగింటిలో ఒక్కదానికి శిల్పి నాయన ఏ రాయి ఎక్కడినుంచి తెచ్చాడో ఊరి ముసలాయన ఒకరు చెప్తే రాసి పెట్టాం. ఆ ముసలాయన సంక్రాంతికి ముందే పోయారు. ఆ మాట ఒకటి.

ప్రతిష్ఠ ముహూర్తం ఒకటి.

విగ్రహం ఒకటి. పీఠం కాక మూడడుగుల రెండంగుళాలు. నల్లరాయి. ఆళ్ళగడ్డలో పందిరి పడమటి మూల, గోడకు ఆనించి ఉంది. కళ్ళు తెరవలేదు.